జ్వరం దారి కనిపెట్టిన డాక్టర్ వాల్టర్ రీడ్



వార్షికోత్సవ సంచిక కోసం ఒక మహనీయుని జీవితం రాసి పంపమని అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది మన హాస్టల్లోని ఒక పాత దుప్పటి. ఆ సంగతి చెప్పాకే మహనీయుని సంగతి చెబుతాను.

అది 2006వ సంవత్సరం. నేను తొమ్మిదో తరగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఊరూరా చికున్‌గున్యా వ్యాపించిన రోజులు. మా గదిలో ముందుగా ఒక తమ్ముడికి జ్వరం వచ్చింది. కీళ్ళ నొప్పులతో లేచి నిలబడలేకపోయాడు. వాడి దుప్పటి తగిలితే మనకూ అంటుకుంటుందని ఎవరో అన్నారు. అంతే, ఆ దుప్పటిని కర్రతో ఎత్తి వరండాలో పడేశాం. ట్రంకు పెట్టెను కాలితో బయటికి నెట్టాం. కంచం, గ్లాసు విడిగా పెట్టాం. ఆ కర్ర పట్టుకున్నది నేనే. వాడు ఒక్క మాట కూడా అనలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పది పన్నెండు రోజులు తిరిగేసరికి గదిలో సగం మందిమి పడకేశాం. దుప్పటిని తరిమేశాం గానీ జ్వరాన్ని ఆపలేకపోయాం. ఎందుకు ఆపలేకపోయామో అప్పుడు మాకు తెలియదు.

తర్వాత డిగ్రీ చదివే రోజుల్లో, గ్రంథాలయంలో డాక్టర్ వాల్టర్ రీడ్ జీవితం నా కంటబడింది. అది చదివాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేము కర్రతో చేసిన తప్పునే వంద సంవత్సరాల క్రితం ప్రభుత్వాలు, పెద్ద పెద్ద డాక్టర్లు చేశారు. అది తప్పని ఊహతో కాకుండా పరీక్ష పెట్టి నిరూపించినవాడు వాల్టర్ రీడ్.

బాల్యం, చదువు

వాల్టర్ రీడ్ 1851 సెప్టెంబరు 13న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, గ్లాస్టర్ కౌంటీలో జన్మించారు. తండ్రి లెమ్యూల్ రీడ్ మెథడిస్టు చర్చి బోధకుడు. ఆ ఉద్యోగంలో ఒక ఊళ్ళో స్థిరంగా ఉండటం కుదరదు. పిల్లలు బడులు మారుతూ పెరిగారు. రీడ్ తొమ్మిదేళ్ళ వయసులో ఉండగా అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. ఆయన బాల్యంలో నాలుగేళ్ళు ఆ యుద్ధం నీడలోనే గడిచాయి.

చదువులో రీడ్ చాలా చురుకైనవారు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో చేరి 1869లో వైద్య పట్టా పొందారు. అప్పటికి ఆయనకు ఇంకా పద్దెనిమిదేళ్ళు నిండలేదు. అంత చిన్న వయసులో అక్కడ ఆ పట్టా అందుకున్నవాళ్ళు ఇంకెవరూ లేరు. పట్టా వచ్చినా ఆసుపత్రిలో రోగులను చూసిన అనుభవం చాలలేదని ఆయన అనుకున్నారు. న్యూయార్కు వెళ్ళి బెల్‌వ్యూ ఆసుపత్రి వైద్య కళాశాలలో మళ్ళీ చదివి 1870లో రెండో వైద్య పట్టా తీసుకున్నారు.

ఆ తర్వాత న్యూయార్కు, బ్రూక్లిన్ నగరాల్లో పనిచేశారు. ఇరుకు ఇళ్ళల్లో ఒకరి మీద ఒకరు పడి బతికే పేదల మధ్య తిరిగారు. రోగం వచ్చేది మనిషికే అయినా, అది ఎక్కడ ఏ దారిన వచ్చిందో చూడాలంటే ఇల్లు, నీళ్ళు, వీధి అన్నీ చూడాలన్న సంగతి ఆయనకు అక్కడే అర్థమైంది.

సైన్యంలో వైద్యుడు

1875లో రీడ్ సైన్యంలో వైద్యుడిగా చేరారు. 1876లో ఎమిలీ లారెన్స్‌తో వివాహం జరిగింది. ఆ వెంటనే అరిజోనా ఎడారి ప్రాంతానికి బదిలీ అయింది. తర్వాత పదిహేనేళ్ళకు పైగా అమెరికా సరిహద్దు కోటల్లో, మారుమూల శిబిరాల్లో గడిపారు. సైనికులకు, వాళ్ళ కుటుంబాలకు, చుట్టుపక్కల ఆదివాసులకు వైద్యం చేశారు. గ్రంథాలయం లేదు, ప్రయోగశాల లేదు, పక్కన సలహా చెప్పే మరో డాక్టరూ లేడు.

అదే కాలంలో యూరప్‌లో పాశ్చర్, కాక్ వంటి శాస్త్రవేత్తలు సూక్ష్మజీవుల గుట్టు విప్పుతున్నారు. తాను వెనకబడిపోతున్నానని రీడ్‌కు తెలుసు. 1890లో, నలభై ఏళ్ళు దగ్గరపడుతున్న వయసులో, బాల్టిమోర్‌లో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రికి వెళ్ళి విలియం వెల్చ్ అనే ఆచార్యుని దగ్గర మైక్రోస్కోపు ముందు మళ్ళీ విద్యార్థిగా కూర్చున్నారు. వయసు దాటిపోయిందని చదువు మానేసే మిత్రులు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు. 1893లో వాషింగ్టన్‌లో కొత్తగా పెట్టిన సైనిక వైద్య పాఠశాలలో ఆయన ఆచార్యుడయ్యారు.

1896లో వాషింగ్టన్ దగ్గరి బ్యారక్‌లో సైనికులకు మలేరియా వచ్చింది. పొటొమాక్ నది నీళ్ళు తాగడం వల్లే వస్తోందని అందరూ అనుకున్నారు. అవే నీళ్ళు తాగిన అధికారులకు జ్వరం ఎందుకు రాలేదని రీడ్ ఆలోచించారు. జ్వరం వచ్చిన సైనికులు రాత్రిపూట చిత్తడి నేలల మధ్య దారిలో తిరుగుతున్నారని కనిపెట్టారు. దోమ సంగతి అప్పటికి తేలలేదు. మరుసటి ఏడాది, 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాకే ఆ గుట్టు వీడింది. నీళ్ళ మీద వేసిన నింద తప్పని మాత్రం రీడ్ ముందే చెప్పగలిగారు.

టైఫాయిడ్ నేర్పిన పాఠం

1898లో అమెరికాకు, స్పెయిన్‌కు యుద్ధం జరిగింది. ఆ యుద్ధంలో గుండు దెబ్బలకు చనిపోయిన అమెరికన్ సైనికులు 400 లోపే. రోగాలతో చనిపోయినవాళ్ళు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. అందులోనూ చాలామంది యుద్ధభూమి మొహం చూడకుండా, సొంత దేశంలోని శిబిరాల్లోనే టైఫాయిడ్‌తో చనిపోయారు. కారణం తేల్చడానికి రీడ్ అధ్యక్షుడిగా ముగ్గురు సభ్యుల బృందాన్ని ప్రభుత్వం వేసింది.

వాళ్ళు శిబిరం తర్వాత శిబిరం తిరిగారు. ఎవరు ఏ గుడారంలో పడుకున్నారు, పక్కన ఎవరున్నారు, ఎవరికి ఏ రోజు జ్వరం వచ్చింది అన్నది పేరు పేరునా రాసుకున్నారు. 20 వేల మందికి పైగా సైనికులకు టైఫాయిడ్ సోకిందని, 1,500 మందికి పైగా మరణించారని తేలింది. తాగే నీళ్ళు ఒక్కటే కారణం కాదని కూడా తేలింది. మరుగుదొడ్ల గుంటల మీద వాలిన ఈగలు వంటశాలలో అన్నం మీద వాలుతున్నాయి. రోగికి సేవ చేసిన చేతులు కడుక్కోకుండానే రొట్టె ముక్కను పట్టుకుంటున్నాయి. మలంతో తడిసిన దుప్పట్లు, గుడారాలు శిబిరంతో పాటు కొత్త చోటికి వెళుతున్నాయి.

ఈ విషయం మనం జాగ్రత్తగా గమనించాలి. టైఫాయిడ్ విషయంలో చేతులు, బట్టలు, వస్తువులు నిజంగానే దోషులు. ఆ సంగతి నిరూపించినవాళ్ళలో ఒకరు ఈ వాల్టర్ రీడే. కాబట్టి తర్వాత ఆయన దుప్పటి నిర్దోషి అని చెప్పింది నిర్లక్ష్యంతో చెప్పిన మాట కాదు.

ఎల్లో ఫీవర్ అంటే ఎంత భయం

ఎల్లో ఫీవర్ మన దేశానికి రాని జ్వరం. అందుకే దాని భయం మనకు తెలియదు. ఉన్నట్టుండి జ్వరం, ఒళ్ళు నొప్పులు. కొందరికి కళ్ళు, ఒళ్ళు పచ్చబడతాయి. ముదిరితే నల్లటి వాంతులవుతాయి. 1793లో ఫిలడెల్ఫియా నగరంలో దాదాపు 5,000 మంది, అంటే జనాభాలో పదో వంతు, ఒక్క వేసవిలో దీనికి బలయ్యారు. 1878లో మెంఫిస్ నగరంలో 5,000 మందికి పైగా చనిపోయారు. మిసిసిపీ నది లోయ మొత్తం మీద సుమారు 20,000 మంది పోయారు.

ఇది ఎలా వస్తుందో తెలియక జనం రోగి వాడిన ప్రతి వస్తువునూ అనుమానించారు. పరుపులు, దుప్పట్లు, బట్టలు తగలబెట్టారు. ఓడల్లో వచ్చిన సామాను మీద పొగ పట్టించారు. ఉత్తరాలకు కూడా చిల్లులు పొడిచి గంధకం పొగ పెట్టి పంపారు. రోగం ఉన్న ఊరి నుంచి పారిపోయి వచ్చినవాళ్ళను పక్క ఊరివాళ్ళు తుపాకులు పట్టుకుని పొలిమేరలోనే ఆపేశారు. 2020లో కరోనా వచ్చినప్పుడు మన పల్లెల్లో దారికి అడ్డంగా ముళ్ళకంపలు వేసిన సంగతి మనలో చాలామంది కళ్ళారా చూశాం.

యుద్ధం తర్వాత క్యూబా దీవి అమెరికా సైన్యం చేతికి వచ్చింది. రాజధాని హవానాలో ఎల్లో ఫీవర్ ఎప్పుడూ ఉండేదే. సైనిక వైద్యాధికారి విలియం గోర్గస్ ఆ నగరాన్ని అద్దంలా శుభ్రం చేయించారు. మిగతా రోగాలు తగ్గాయి. ఎల్లో ఫీవర్ మాత్రం 1900లో ఇంకా పెరిగింది. శుభ్రమైన ఇళ్ళల్లోని వాళ్ళకూ వచ్చింది. దాంతో 1900 జూన్‌లో రీడ్ అధ్యక్షుడిగా నలుగురు డాక్టర్ల బృందం క్యూబాలో దిగింది. మిగతా ముగ్గురు జేమ్స్ కారల్, జెస్సీ లజీర్, అరిస్టిడిస్ అగ్రమోంటే.

ఎవరూ వినని ఫిన్లే

హవానాలో కార్లోస్ ఫిన్లే అనే డాక్టరు ఉండేవారు. ఎల్లో ఫీవర్‌ను ఒక జాతి దోమ మోసుకొస్తుందని ఆయన 1881లోనే చెప్పారు. దాదాపు ఇరవై ఏళ్ళు ఆ మాటను ఎవరూ లెక్కచేయలేదు. ఆయన చేసిన ప్రయోగాలు అందరూ ఒప్పుకునేలా ఫలించకపోవడం ఒక కారణం. అవి ఎందుకు ఫలించలేదో తర్వాత తెలిసింది. దోమ రోగిని కుట్టగానే ఇంకొకరికి జ్వరం అంటించలేదు. క్రిమి దోమ ఒంట్లో పెరగడానికి పన్నెండు రోజుల దాకా పడుతుంది. ఫిన్లే అన్ని రోజులు ఆగలేదు.

హెన్రీ కార్టర్ అనే మరో డాక్టరు మిసిసిపీ పల్లెల్లో ఒక సంగతి గమనించారు. ఇంట్లో మొదటి మనిషికి జ్వరం వచ్చాక, మళ్ళీ కొత్తవాళ్ళకు వచ్చేసరికి సుమారు రెండు వారాలు పడుతోంది. దుప్పటి వల్లే అంటుకునేదైతే అన్ని రోజుల ఎడం దేనికి? రీడ్ బృందం ఫిన్లే దగ్గరికి వెళ్ళింది. ఆ పెద్దాయన మనసులో ఏ కోపమూ పెట్టుకోకుండా తన దగ్గరున్న దోమ గుడ్లు వాళ్ళ చేతిలో పెట్టారు. ఆ దోమనే నేడు ఈడిస్ ఈజిప్టై అంటున్నాం.

లజీర్ బలి

ఎల్లో ఫీవర్ అప్పటికి తెలిసినంతలో జంతువులకు రాదు. పరీక్ష మనుషుల మీదే చేయాలి. బృందంలోని డాక్టర్లు ముందు తమ మీదే చేసుకోవాలని నిర్ణయించుకున్నారు. టైఫాయిడ్ నివేదిక పని మీద రీడ్ వాషింగ్టన్ వెళ్ళారు. ఆగస్టు 27న కారల్ దోమ చేత కుట్టించుకున్నారు. జ్వరం వచ్చి చావు అంచుదాకా వెళ్ళి బతికారు. సెప్టెంబరులో లజీర్‌నూ దోమ కుట్టింది. ఆయన బతకలేదు. 1900 సెప్టెంబరు 25న మరణించారు. వయసు 34. అమెరికాలో భార్యకు అప్పుడే రెండో బిడ్డ పుట్టింది. ఆ బిడ్డను ఆయన చూడనేలేదు.

ఈ సంగతి రీడ్‌ను లోలోపల తినేసింది. స్నేహితులు ప్రాణాల మీదికి తెచ్చుకున్నప్పుడు తాను అక్కడ లేనన్న బాధ ఆయనను వదల్లేదు. తిరిగి వచ్చి లజీర్ రాసుకున్న నోటు పుస్తకం చదివారు. ఏ దోమ ఏ రోగిని ఎన్నో రోజున కుట్టింది, తర్వాత ఎవరిని ఎప్పుడు కుట్టింది అన్నది అందులో ఉంది. ఆ లెక్కల్లోనే దారి దొరికింది. కానీ ఒకటి రెండు కేసులతో లోకం నమ్మదు. ఒక పత్రికైతే దోమ కథ అంటూ ఎగతాళి చేసింది. దాంతో ఎవరూ కాదనలేని పరీక్ష పెట్టాలని రీడ్ నిశ్చయించుకున్నారు.

రెండు గదుల పరీక్ష

1900 నవంబరులో ఊరికి దూరంగా ఒక ఖాళీ పొలంలో శిబిరం వేశారు. దానికి లజీర్ పేరు పెట్టారు. అందులో రెండు చిన్న చెక్క ఇళ్ళు కట్టించారు. రెండూ 14 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు.

మొదటి ఇంట్లోకి దోమ దూరకుండా జాలీలు బిగించారు. గాలి ఎక్కువగా ఆడకుండా, లోపల ఉక్కగా ఉండేలా చేశారు. ఎల్లో ఫీవర్‌తో పడి ఉన్నవాళ్ళ, చనిపోయినవాళ్ళ దుప్పట్లు, దిండు గలీబులు, బట్టలు పెట్టెల్లో నింపి తెచ్చారు. వాంతి, మూత్రం, మలం, రక్తం అన్నీ వాటి మీద ఉన్నాయి. నవంబరు 30 సాయంత్రం రాబర్ట్ కుక్ అనే యువ డాక్టరు, ఇద్దరు సైనికులు ఆ ఇంట్లోకి వెళ్ళి పెట్టెలు తెరిచారు. కంపు భరించలేక బయటికి పరుగెత్తారు. కాసేపటికి మళ్ళీ లోపలికి వెళ్ళి, ఆ బట్టలు దులిపి, గది నిండా పరిచి, వాటి మీదే పడుకున్నారు. అలా ఒకటి రెండు రాత్రులు కాదు, వరుసగా 20 రాత్రులు.

వాళ్ళ తర్వాత మరో జట్టు అదే గదిలో 20 రాత్రులు రోగులు విప్పిన బట్టలే తొడుక్కుని పడుకుంది. మూడో జట్టు రోగుల రక్తం అంటిన తువ్వాళ్ళు దిండ్ల మీద పరుచుకుని పడుకుంది. మొత్తం ఏడుగురిలో ఒక్కరికి కూడా ఎల్లో ఫీవర్ రాలేదు.

రెండో ఇల్లు చాలా శుభ్రంగా ఉంది. ఆవిరి పట్టిన పక్కలు, మంచి గాలి, వెలుతురు. మధ్యలో పైనుంచి కిందిదాకా సన్నటి ఇనుప జాలీ. జాలీకి ఒక పక్కన మాత్రం రోగులను కుట్టిన 15 దోమలను వదిలారు. డిసెంబరు 21న జాన్ మోరన్ అనే యువకుడు శుభ్రంగా స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని ఆ పక్కన పడుకున్నాడు. దోమలు కుట్టాయి. క్రిస్మస్ రోజున జ్వరం వచ్చింది. జాలీకి అవతలి పక్కన అదే గాలి పీల్చి పడుకున్న ఇద్దరికి ఏమీ కాలేదు. మోరన్ కోలుకున్నాడు.

మురికి గదిలో పడుకున్నవాళ్ళకు పుట్టుకతోనే ఆ జ్వరం రాని శక్తి ఉందేమో అన్న అనుమానం ఒకటి మిగిలింది. రీడ్ దాన్నీ వదల్లేదు. వాళ్ళలో కొందరికి తర్వాత వేరే దారిన, అంటే దోమ కాటు ద్వారా లేదా రోగి రక్తం ఎక్కించి, పరీక్ష చేశారు. అప్పుడు జ్వరం వచ్చింది. అంటే వాళ్ళూ అందరిలాంటి మనుషులే. దుప్పటి వల్ల మాత్రం వాళ్ళకు ఏమీ కాలేదు.

ఇక్కడ ఇంకొక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. మోరన్, అంతకుముందు జాన్ కిస్సింజర్ అనే సైనికుడు డబ్బు ఆశించకుండా ముందుకు వచ్చారు. మిగతావాళ్ళలో చాలామంది పొట్ట చేతబట్టుకుని స్పెయిన్ నుంచి కొత్తగా వచ్చిన పేద కూలీలు. పరీక్షకు ఒప్పుకుంటే 100 డాలర్ల బంగారం, జ్వరం వస్తే మరో 100. ప్రాణాపాయం ఉందని స్పానిష్ భాషలో కూడా రాసి, చదివి వినిపించి సంతకం తీసుకున్నారు. మనిషి మీద ప్రయోగం చేసే ముందు అతని రాతపూర్వక అంగీకారం తీసుకోవడం ఆ రోజుల్లో అరుదు. ఈ విషయంలో రీడ్‌ను మెచ్చుకోవాలి. అయినా ఆకలితో ఉన్నవాడు పెట్టిన సంతకం ఎంత ఇష్టపూర్వకమో మన హాస్టల్ పిల్లలకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. శిబిరంలో జ్వరం వచ్చినవాళ్ళంతా అదృష్టం కొద్దీ బతికారు. మరుసటి ఏడాది హవానాలో వేరే డాక్టరు చేసిన ఇటువంటి ప్రయోగాల్లో ముగ్గురు చనిపోయారు. వారిలో క్లారా మాస్ అనే పాతికేళ్ళ నర్సు ఒకరు.

హవానాకు విముక్తి

ఫలితం తెలియగానే గోర్గస్ తన పద్ధతి మార్చారు. బట్టలు తగలబెట్టడం మీద నుంచి దృష్టి దోమల మీదికి మళ్ళింది. 1901 ఫిబ్రవరి నుంచి ఇంటింటికీ మనుషులను పంపి నీళ్ళ తొట్లకు మూతలు వేయించారు. నిలవ నీళ్ళ మీద నూనె చల్లించారు. రోగిని దోమ కుట్టకుండా అతని గదికి జాలీలు కట్టించారు. 1900లో హవానాలో ఈ జ్వరంతో 300 మందికి పైగా మరణించారు. 1901 సెప్టెంబరు చివరికి కేసులు ఆగిపోయాయి. తరతరాలుగా ఉన్న జబ్బు కొన్ని నెలల్లో మాయమైంది. తర్వాత గోర్గస్ ఇదే పద్ధతిని పనామాలో అమలు చేశారు. 1914లో పనామా కాలువ తెరుచుకోవడానికి అదీ ఒక కారణం.

1901లో కారల్ మరో పరీక్ష చేశారు. రోగి రక్తపు ద్రవాన్ని బాక్టీరియా కూడా దాటలేని జల్లెడలో వడగట్టి, దాన్ని మరొకరికి ఎక్కించారు. అయినా జ్వరం వచ్చింది. అంటే అందులో ఉన్నది బాక్టీరియా కన్నా చిన్నది. నేడు మనం వైరస్ అంటున్నది అదే. మనిషికి వచ్చే జబ్బుల్లో వైరస్ వల్ల వస్తుందని మొదట తేలింది ఎల్లో ఫీవరే. 1937లో మాక్స్ థైలర్ దీనికి మంచి టీకా తయారుచేశారు. దానికి 1951లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

చివరి రోజులు

రీడ్ 1901లో వాషింగ్టన్ తిరిగి వచ్చి మళ్ళీ పాఠాలు చెప్పుకున్నారు. పేరు వచ్చింది గానీ ఆరోగ్యం దెబ్బతింది. 1902 నవంబరులో అపెండిక్స్ వాచి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. తర్వాత కడుపులో చీము పట్టి కన్నుమూశారు. వయసు 51. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఆయన సమాధి ఉంది. 1909లో వాషింగ్టన్‌లో ప్రారంభమైన సైనిక ఆసుపత్రికి ఆయన పేరు పెట్టారు. తన విజయంలో ఫిన్లే పాత్ర ఎంతో ఉందని, లజీర్ ప్రాణం ఉందని రీడ్‌కు తెలుసు. మనం కూడా ఆ ముగ్గురినీ కలిపే తలుచుకోవాలి.

మన గదిలో ఈ జీవితం

ఇప్పుడు మళ్ళీ మన హాస్టల్‌కు వద్దాం. రీడ్ పట్టుకున్న దోమ, 2006లో మాకు చికున్‌గున్యా తెచ్చిన దోమ ఒకటే. డెంగీని తెచ్చేదీ అదే. అది పగటిపూట కుడుతుంది. మురుగు కాలువలో కన్నా ఇంట్లో నిలవ ఉన్న మంచినీళ్ళలోనే ఎక్కువగా పెరుగుతుంది. నీటి అంచున గోడకు గుడ్లు అంటిస్తుంది. తొట్టి ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి చావవు. నీళ్ళు తగలగానే వారం పది రోజుల్లో కొత్త దోమలవుతాయి.

మేము దుప్పటిని కర్రతో ఎత్తి పడేసిన వరండా పక్కనే ఒక సిమెంటు తొట్టి ఉండేది. రోజూ దాంట్లో నీళ్ళతోనే మొహం కడుక్కునేవాళ్ళం. అందులో పురుగులు గింగిరాలు తిరుగుతుంటే చెంబుతో పక్కకు తోసి ముంచుకునేవాళ్ళం. మాకు జ్వరం తెచ్చిన వస్తువు ఏదైనా ఆ ఆవరణలో ఉందీ అంటే అది ఆ తొట్టి. దుప్పటి పాపం ఏమీ చేయలేదు. అందుకే వారానికి ఒకసారి తొట్టి, డ్రమ్ము, బకెట్టు ఖాళీ చేసి, లోపలి గోడను పీచుతో గట్టిగా రుద్ది, ఎండబెట్టండి. నీళ్ళు పారబోస్తే సరిపోదు, గోడ రుద్దాలి.

అలాగని వస్తువుల వల్ల ఏ జబ్బూ రాదని ఎవరూ అనుకోవద్దు. కళ్ళకలక తువ్వాలు, చేతుల ద్వారా గదంతా పాకుతుంది. నీళ్ళ విరేచనాలు, ఒక రకం పచ్చకామెర్లు తెచ్చే వైరస్‌లు కడగని చేతుల నుంచి, కంచాల నుంచి, కుళాయి పిడి నుంచి నోట్లోకి వెళతాయి. దొడ్డికి వెళ్ళొచ్చాక, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం ఎప్పటికీ మానకూడదు. కరోనా సంగతి వేరు. 2020లో పాల ప్యాకెట్లు, కూరగాయలు కూడా సబ్బునీళ్ళతో కడిగాం. అది ముఖ్యంగా గాలి ద్వారా, ఊపిరి ద్వారా వ్యాపిస్తుందని తర్వాత తేలింది. వైరస్ ఉన్న వస్తువును ఒకసారి తాకితే జబ్బు వచ్చే అవకాశం సాధారణంగా 10,000లో ఒకటి కన్నా తక్కువని అమెరికా రోగ నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఒక్కో జబ్బుకు ఒక్కో దారి. ఆ దారి తెలుసుకుని అక్కడ అడ్డుకట్ట వేయాలి. తెలుసుకోకుండా భయపడితే అడ్డుకట్ట మనిషికి మనిషికి మధ్య పడుతుంది.

ఆ అడ్డుకట్ట ఎలా ఉంటుందో మనకు కొత్తగా చెప్పాలా? మన తాతలు టీ కొట్టులో తమ గ్లాసు తామే కడిగి విడిగా బోర్లించి వచ్చారు. వాళ్ళకు ఏ రోగమూ లేదు. వాళ్ళు తాకిన వస్తువు చెడిపోతుందన్న మాటను ఎవరూ పరీక్షించలేదు, నిరూపించలేదు. అయినా తరతరాలు నమ్మారు. అటువంటి ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలం మేము. ఒకే గదిలో ఒకే అన్నం తిని పెరిగినవాళ్ళం. అలాంటి మేమే ఒక తమ్ముడి కంచం, గ్లాసు విడిగా పెట్టాం. జ్వరం వారం రోజుల్లో తగ్గింది. కీళ్ళ నొప్పులు నెలలకు తగ్గాయి. ఇది మాత్రం నాలో నేటికీ తగ్గలేదు.

తమ్ముళ్ళూ, మీ గదిలో ఎవరికైనా జ్వరం వస్తే ముందు డాక్టరుకు చూపించండి. దోమతెర కట్టండి. దుప్పటి ఉతికి, ఎండలో ఆరేసి, మళ్ళీ తెచ్చి వాడి మీదే కప్పండి.

ఈ సంచిక పూర్వ విద్యార్థులందరికీ అందుతుంది. నాడు గోడ వైపు తిరిగి పడుకున్న ఆ తమ్ముడికీ అందుతుంది. వాడి పేరు ఇక్కడ రాయడం లేదు. చదివితే వాడికే తెలుస్తుంది. ఆ కర్ర పట్టుకున్న చేతితోనే ఇది రాశాను. నన్ను క్షమించమని అడుగుతున్నాను.